మా ఇంటివాళ్ళ చిన్న జతలు

జిజాన్,
9 నవంబరు 2024

అన్నయ్యకి మల్లి నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మేమిద్దరం కులాసా. మీరు, వదిన, పిల్లలు కూడా అలాగే ఉన్నారనుకుంటాను. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను ఊఁ అనడం తప్ప ఇంకేమీ చెప్పడం లేదని వదిన దెప్పింది. నిజమే. మీ గొంతు వినగానే నాకు మాటలు సర్దుకోవు. అందుకని రూళ్ళ పుస్తకం కొనుక్కుని రాస్తున్నాను. కాగితాలు ఫోటో తీసి వదిన ఫోనుకి పంపుతాను. ఏడో తరగతితో ఆగిపోయిన రాత, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఈ సౌదీలో నవంబరు వచ్చినా చెమట ఆరడం లేదు. సముద్రం పక్కనే కదా, ఉతికిన బట్టలు రెండో రోజుకి గానీ ఆరవు. వారికి ఏసీల పని కాబట్టి ఊపిరి సలపదు. మా కాంపౌండులో నూట ఇరవై ఇళ్ళు. ఏ ఇంటి ఏసీ ఎప్పుడు మొండికేస్తుందో శబ్దం విని చెప్పేస్తారు. పోయిన నెల పాస్‌పోర్టు పని మీద జెడ్డా వెళ్ళాం. అక్కడి షరఫియా బజారులో గోంగూర కనబడితే ఆరు కట్టలు కొని, బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఇంటికి వచ్చేసరికి సగం వాడిపోయింది. వాడిపోయింది కూడా పారేయనివ్వలేదు.

ఇంకో సంగతి. దీన్ని ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చించాను. ఇక్కడ క్లబ్బు గదిలో శుక్రవారం మధ్యాహ్నం ఒక ఆట ఆడతారు. పోకర్ అంటారు. పేకముక్కలతోనే. కోప్పడకుండా చివరిదాకా చదవండి. డబ్బు లేదు. ఇక్కడ డబ్బు పెట్టి ఆడితే నేరం. ఆ గదిలో బిస్కెట్టు కూడా పందెం కాయనివ్వరు. అందరికీ సమానంగా ప్లాస్టిక్ బిళ్ళలు ఇస్తారు. అయిపోయినవాళ్ళు లేచి టీ తాగుతారు. ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. గెలిస్తే ఒక స్టీలు కప్పు.

నడిపేది చరిత గారు. హైదరాబాదు ఆవిడ, వాళ్ళాయన ఇక్కడ పెద్ద ఇంజినీరు. మొదట్లో మా ఇంటివాళ్ళు ఊరికే నిలబడి చూసేవాళ్ళు. ఒక శుక్రవారం ఒక కుర్చీ ఖాళీగా ఉంటే చరిత గారు పట్టుబట్టి కూర్చోబెట్టారు. ఇప్పుడు క్లబ్బంతా మా ఇంటివాళ్ళ ఆట గురించే. ముఖ్యంగా చిన్న జతల గురించి.

చిన్న జత అంటే చెబుతాను. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు ఇస్తారు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. తర్వాత బల్ల మధ్యలో అందరికీ కలిపి మూడు ముక్కలు తిప్పుతారు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి. చేతిలో రెండు రాజులో రెండు ఆసులో వస్తే ఎవరైనా ఆడతారు. రెండు నాలుగులో రెండు ఐదులో వస్తేనే చిక్కు. వాటిని చూసి చాలామంది జత వచ్చింది కదా అని మురిసిపోయి బిళ్ళలన్నీ పోగొట్టుకుంటారు. మా ఇంటివాళ్ళు అలా కాదు. తక్కువ బిళ్ళలతో మధ్య ముక్కలు చూసే వీలుంటేనే చూస్తారు. అక్కడ మూడో ఐదు పడితే అది సెట్టు. ఎనిమిది తొమ్మిది సార్లకి ఒక్కసారి పడుతుంది. పడకపోతే, అవతలివాళ్ళు బిళ్ళలు ముందుకి తోస్తే, మొహంలో ఏమీ లేకుండా ముక్కలు మడిచి పెట్టేస్తారు. ఇంత నెమ్మదిగా మడిచి పెట్టేవాళ్ళని తాను చూడలేదని చరిత గారు అందరి ముందూ అన్నారు.

ఇంత రాశానని మీరు ఏమనుకుంటారో. వదినకి గోంగూర పచ్చడి కుదిరిందని చెప్పండి.

మీ చెల్లెలు
నాగమల్లేశ్వరి


రేపల్లె,
16 నవంబరు 2024

మల్లికి అన్న దీవెనలు.

నీ కాగితాలు మీ వదిన పైకి చదివింది. గోంగూర దాకా నవ్వుతూ చదివి, ఆ తర్వాత గొంతు తగ్గించింది. నేను లాక్కుని చదివాను. నువ్వు ఉత్తరం రాశావు గనక నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో అయితే ఏం మాట్లాడతానో నాకే తెలియదు.

మీ పెళ్ళిచూపుల రోజున నేను సురేంద్రని ఉద్యోగం గురించి అడగలేదు, ఆస్తి గురించి అడగలేదు. పేక మీ గడప తొక్కకూడదు అన్నాను. తొక్కదు బావగారూ అన్నాడు. ఆ ఒక్క మాట మీద నిన్నిచ్చాను. ఇప్పుడు మీ ఇంటివాళ్ళు పేకాటలో పేరు తెచ్చుకున్నారని నువ్వే మురిసిపోతూ రాశావు.

డబ్బు లేదంటావు. నాన్న కూడా మొదట అగ్గిపుల్లలతోనే ఆడాడు. తర్వాత అమ్మ కుట్టుమిషను పోయింది. నా సైకిలు పోయింది. నా ఇంటరు పోయింది, నేను కండక్టరు సంచీ తగిలించుకున్నాను. నీ బడి పోయింది. నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తుందో లేదో.

ఆ చరిత అనే ఆవిడ ఎవరు? పరాయివాళ్ళు కూర్చోమంటే కూర్చోవడమేనా? సిగ్గుండక్కర్లేదా? మీ ఇంటివాళ్ళకి నా మాటగా చెప్పు, ఆ గది వైపు ఇంక చూడొద్దని.

రెండు రోజుల నుంచి బస్సులో చిల్లర కూడా సరిగ్గా ఇవ్వలేకపోతున్నాను.

భూషణం


జిజాన్,
1 డిసెంబరు 2024

అన్నయ్యకి మల్లి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. సిగ్గుండక్కర్లేదా అన్నచోట ఆగిపోయాను. ఆ రోజు అన్నం సయించలేదు. మీరు కోప్పడటం సబబే. మీ మాట మా ఇంటివాళ్ళకి చెప్పాను. అందుకోసం ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేకపోయింది.

మానేద్దామనే అనుకున్నారు. కానీ అక్టోబరు నుంచి వరసగా జరుగుతున్న ఆటలు ఇవి. ముప్పై ఆరుగురిలో ఇప్పుడు తొమ్మిదిమంది మిగిలారు. పదమూడో తారీకు శుక్రవారం ఆఖరి ఆట. ఆ ఒక్కటీ అయ్యాక ఇక లేదు. మధ్యలో లేస్తే ఆట పాడవుతుందని చరిత గారు బతిమాలారు. ఆవిడ చెడ్డది కాదన్నయ్యా. చదువుకున్న మనిషి, అయినా మా ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ముక్కలు ఎందుకు మడిచారో చెప్పండి అని నేర్చుకుంటుంది. గౌరవంగా పిలుస్తుంది.

పోయిన శుక్రవారం జరిగింది చెబితే మీరు కొంచెమైనా నవ్వుతారని రాస్తున్నాను. మా ఇంటివాళ్ళకి ముందు రెండు నాలుగులు వచ్చాయి. తమ వంతు రాకముందే ఇద్దరు పోటీ పడి బిళ్ళలు తోసుకుంటున్నారు. చిన్న జతతో వాళ్ళ మధ్యలో దూరితే నలిగిపోతాం. మధ్య ముక్కలు చూడకుండానే మడిచేశారు. తర్వాత తొమ్మిదులు వచ్చాయి. అది మధ్యరకం జత, కొంచెం గౌరవం ఉన్నది. ఆడారు. బల్ల మీద రాజు పడింది. చరిత గారు బిళ్ళలు తోశారు. మడిచేశారు. ఆవిడ నవ్వి తన రాజుని తిప్పి చూపించారు. అప్పటికి గంటన్నర నుంచి మడవడమే. పక్కన కూర్చున్న నర్సు ఆశా సిస్టర్, ఈ మనిషి ఆడటానికి వచ్చారా, బట్టలు మడవటానికి వచ్చారా అంది. అందరూ నవ్వారు.

అప్పుడు రెండు ఐదులు వచ్చాయి. తక్కువలోనే చూడనిచ్చారు. బల్ల మీద ఒక ఆసు, ఒక పది, ఒక ఐదు. అందరి కళ్ళూ ఆసు మీదే. ఐదుని ఎవరు పట్టించుకుంటారు? ఆశా సిస్టర్ చేతిలో ఇంకో ఆసు ఉంది, తనదే గెలుపనుకుని ఉన్నవన్నీ తోసింది. మా ఇంటివాళ్ళు ఒక్క క్షణం కూడా తల ఎత్తకుండా తమవి కూడా తోసి, ఐదులు రెండూ బల్ల మీద పెట్టారు. గది అంతా ఒకటే గోల.

ఇంకేం లేదు. వారు వారం పది రోజులుగా ఎక్కువ మాట్లాడటం లేదు. ఏమైందంటే పెద్ద ఏసీ మిషను, చిల్లర్ అంటారు, దాని మోటారు గురించి ఆలోచిస్తున్నానంటారు. శుక్రవారాలు మాత్రం ఎప్పటిలాగే అంట్లు తోమి, నన్ను కూర్చోమని కాఫీ ఇస్తారు. ఇలాంటి మనిషిని వెతికి ఇచ్చినందుకు మీకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

మల్లి


రేపల్లె,
7 డిసెంబరు 2024

మల్లికి.

నీకు వాడు చెప్పినట్టు లేడు. నేను చెబుతాను. నవంబరు ఇరవయ్యో తారీకున డిపోలోంచి సురేంద్రకి ఫోన్ చేశాను. పేకాట ఆడుతున్నావట, ఎవరో ఆడదాని పక్కన కూర్చుని సంబరపడుతున్నావట, మాటిచ్చి తప్పడానికి నోరెలా వచ్చింది అని అడిగాను. "తప్పే బావగారూ, నన్ను ఎంతైనా అనండి" అన్నాడు. అన్నాను. ఎంతైనా అన్నాను. డిపోలో నలుగురూ ఆగి చూశారు.

మా చెల్లికి ఇక తిరిగి వెళ్ళక్కర్లేకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించి పంపించెయ్ అన్నాను. దానికి మాత్రం "మల్లి వస్తానంటే పంపిస్తాను, నేనై పంపను" అన్నాడు. మళ్ళీ ఆఖరి ఆట ఒకటి మిగిలిందని నువ్వు రాశావు. ఐదులట, తొమ్మిదులట. నాన్న ఇంటికొచ్చి అమ్మకి ఇలాగే కథలు చెప్పేవాడు. అమ్మ కూడా నీలాగే వినేది. అంట్లు తోమితే మంచివాడైపోతాడా?

నిర్ణయం నీది. జనవరిలో నువ్వు రావాలి. ఒక గది నీకోసం ఖాళీ చేయిస్తున్నాను. రానంటే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఇంక రాకపోకలు లేవు. ఉత్తరాలు కూడా వద్దు.

ఇది కోపంతో రాసింది కాదు. రెండుసార్లు చింపి, మూడోసారి రాసింది.

భూషణం


జిజాన్,
13 డిసెంబరు 2024, శుక్రవారం ఉదయం

అన్నయ్యా,

ఆడింది నేను.

ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాలి. నేను అని రాయబోతే చెయ్యి కదల్లేదు. వారు నలుగురిలో నన్ను మా ఇంటివాళ్ళు అంటారు. కాంపౌండులో అందరూ నన్ను అలాగే, సురేంద్ర గారి ఇంటివాళ్ళు అనే పిలుస్తారు. నా గురించి నేను చెప్పుకోవడానికి సిగ్గేసి ఆ మాట వెనక దాక్కున్నాను. మీకు ఆ మాట వారిలా వినబడుతుందని నాకు తోచలేదు. మీరు సిగ్గుండక్కర్లేదా అన్నది నన్నే అనుకున్నాను. మీ రెండో ఉత్తరం చూశాక గానీ తెలియలేదు, ఇన్నాళ్ళూ మీరు తిడుతున్నది వారినని.

అది ఆడవాళ్ళ క్లబ్బు. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళు ఆ వరండాలోకి కూడా రారు. నేను వడలు వేయడానికి సాయం వెళ్ళేదాన్ని. అలా కూర్చున్నాను. వారు జీవితంలో పేకముక్క పట్టుకోలేదు. ఆసు ఏదో జాకీ ఏదో కూడా తెలియదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు వారిని అడిగాను. నేనంటూ వారిని ఎదురుగా నిలబెట్టి అడగటం ఇదే మొదలు. తప్పే అని ఎందుకన్నారు, నాకెందుకు చెప్పలేదు అన్నాను. చెప్పులు విప్పుకుంటూ చెప్పారు. "మీ అన్నయ్య నన్ను తిడితే నేను ఏసీ గొట్టం డక్టులో దూరి పని చేసుకుంటాను. నిన్ను తిడితే నాలుగు రోజులు అన్నం తినవు." అంతే. అన్నయ్య నాతో మాట్లాడటం మానేస్తే ఏం చేసేవారు అన్నాను. అందుకే కదా నా మీద వేసుకున్నది అన్నారు. ఆట మానెయ్యమని చెప్పి ఉండొచ్చుగా అంటే, నీ మొహం శుక్రవారం ఎలా ఉంటుందో నువ్వు చూసుకోలేదు, నేను చూశాను అన్నారు. పదిహేడు రోజులు ఆ మాటలు మోస్తూ నాకు కాఫీ కలిపిచ్చిన మనిషి అన్నయ్యా. నేను మోటారు గురించి అనుకున్నాను.

నాకు గుర్తుందో లేదో అన్నారు. అంతా గుర్తుంది. నాన్న పక్కన కూర్చుని ముక్కలు వరసలో సర్దిపెట్టింది నేనే. మీరు బడికి వెళ్ళేవారు, మీకు తెలియదు. నాన్న తెలివైనవాడు. ఎదుటివాళ్ళ చేతిలో ఏముందో చెప్పేవాడు, చాలాసార్లు సరిగ్గా ఉండేది. తనది ఓడిపోయే చెయ్యి అని కూడా తెలిసేది. అయినా ముక్కలు కింద పెట్టలేకపోయేవాడు. ఒకసారి నేను, పెట్టెయ్ నాన్నా, వెళ్దాం అన్నాను. ఇంతదాకా వచ్చాక ఎలా పెడతామే అన్నాడు. సాయంత్రం మీ సైకిలు లేదు. పెట్టెయ్ అని ఇంకోసారి గట్టిగా ఎందుకు అనలేదా అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ గదిలో మొదటిసారి రెండు మూడులు చేతికొచ్చి, బల్ల మీద నాకు పనికొచ్చేది ఏమీ పడనప్పుడు ముక్కలు మడిచి పెట్టాను. ఏమీ కాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి ముక్కలు వచ్చాయి. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఉల్లిపాయలని చెప్పాను. నాన్నకి ఇంత తేలికైన పని ఎందుకు రాలేదో నాకు తెలియదు. నాకు వచ్చు. వారం వారం చేసి చూసుకున్నాను. మీకు చెప్పాలనిపించింది అందుకే, గొప్ప కోసం కాదు.

చరిత గారు ఇంకొకటి నేర్పారు. ఆట సాగే కొద్దీ ప్రతి చెయ్యికీ ముందుగా కట్టాల్సిన బిళ్ళలు పెరుగుతాయి. మన దగ్గర తగ్గిపోతాయి. అప్పుడు చిన్న జతతో మూడోదాని కోసం కాచుకుని కూర్చుంటే కరిగిపోతాం. ఏడులో ఎనిమిదులో వచ్చినప్పుడు, ఎవరూ తోయకముందే మనమే అన్నీ తోసెయ్యాలి. అవతలివాళ్ళు తోశాక వెళ్ళడం వేరు. మనం ముందు తోస్తే మడవాలా వద్దా అన్న భయం వాళ్ళది. నాకు ఇది ఎంత చెప్పినా చేతకాలేదు. ఎవరో ఒకరు ముందు కదిలితే గానీ నేను కదలను. మీకు తెలుసుగా.

నేను రాను అన్నయ్యా. ఆ గది పిల్లలకి ఇవ్వండి. వేసవిలో వారితో కలిసి వస్తాను, మీరు రమ్మంటే. రాకపోకలు వద్దంటే అది మీ ఇష్టం, నేను మాత్రం ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. ఈ ఆట మానెయ్యమంటే ఈ రోజు తర్వాత మానేస్తాను. ఈ రోజు ఆడతాను.

మీరు తిట్టాల్సింది నన్ను. వారిని కాదు.

మల్లి


రేపల్లె,
22 డిసెంబరు 2024

మల్లికి అన్న దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ వదిన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, మీ చెల్లెలికి ఇంత నోరుందని నాకు తెలియదు అంది. నాకూ తెలియదు.

పేకాట అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. అది పోదు. కానీ నువ్వు నాన్న పక్కన కూర్చునేదానివని నాకు తెలియదు. పెట్టెయ్ నాన్నా అన్నావని తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల అనాల్సిన మాట కాదు అది. నేను అనాల్సింది. నేను ఆయన ఎదురుగా ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడలేదు, బయటికొచ్చి గోడని తన్నేవాణ్ణి. ఆ అరుపులన్నీ దాచిపెట్టి మొన్న సురేంద్ర మీద అరిచానేమో. ఆయన ఒక్కసారి మడిచి పెట్టి ఇంటికొచ్చి ఉంటే బాగుండేది. నువ్వు పెట్టగలుగుతున్నావంటే సరే. మానెయ్యమని నేను చెప్పను, ఆడమనీ చెప్పను.

సురేంద్రకి ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక జేబులో పెట్టేశాను. అన్నయ్య తొందరపడ్డాడు, మనసులో పెట్టుకోవద్దని నువ్వే నచ్చజెప్పు. నువ్వు చెబితే వింటాడు.

ఐదులు మూడుంటే ఆసులు రెండింటికంటే పెద్దవి ఎలా అవుతాయో నాకు అర్థం కాలేదు. డిపోలో అడిగితే నన్ను అనుమానిస్తారు. ఆఖరి ఆట ఏమైందో రాయలేదు. మీ వదిన అడుగుతోంది.

అన్న
భూషణం


జిజాన్,
29 డిసెంబరు 2024

అన్నయ్యకి, ఆట సంగతి అడిగిన వదినకి, మల్లి నమస్కారాలు.

ఎన్ని ఉన్నాయన్నదే లెక్క అన్నయ్యా, ఎంత పెద్దవన్నది తర్వాత. మూడు ఐదులు రెండు ఆసుల్ని కొట్టేస్తాయి.

ఆఖరి ఆటలో తొమ్మిదిమందిమి కూర్చుంటే ముగ్గురం మిగిలాం. చరిత గారు, ఆశా సిస్టర్, నేను. నా దగ్గర బిళ్ళలు గుప్పెడు కూడా లేవు. ఏడులు వచ్చాయి. మొదటి వంతు నాదే. ఆడితే ఇప్పుడే అనుకుని మొత్తం ముందుకి తోశాను. ఆశా సిస్టర్ మడిచేసింది. చరిత గారు చాలాసేపు నా వంక చూసి, వస్తున్నాను అన్నారు. ఆవిడ దగ్గర ఆసూ రాజూ. నా జత ఇంకా ముందే ఉంది. నాలుగు ముక్కల దాకా ఏమీ పడలేదు. ఐదోది ఆసు.

మూడో స్థానం. మూడో స్థానానికి ఏమీ ఇవ్వరు. చరిత గారు లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, ఈ రోజు గదిలో అన్నిటికంటే మంచి ఆట మీదే అన్నారు. ఓడిపోయాను కదా అంటే, ముక్క పడటం మీ చేతిలో లేదు, తోయడం మీ చేతిలో ఉంది అన్నారు. ఆవిడకి మాటలు బాగా వచ్చు.

వారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఏమైందన్నారు. పోయానన్నాను. ఏ జత అన్నారు. ఏడులన్నాను. అవి పెద్దవా చిన్నవా కూడా వారికి తెలియదు, అయినా తల ఊపి, ముందు నువ్వే తోశావా అన్నారు. నేనే అన్నాను. అయితే సరే అని నా చేతిలోంచి వడల డబ్బా తీసుకుని నడిచారు.

మీరు చెప్పమన్న మాట వారికి చెప్పలేదు. మీ ఉత్తరం కూడా చూపించలేదు. మీరు నలుగురి ముందు, మీ గొంతుతో అన్నారు. వారు విన్నారు. ఇప్పుడది నా నోటితో తీరేది కాదు. ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే మొదలుపెట్టకుండానే ఉండండి, వారే ఏసీల గురించి ఏదో ఒకటి మాట్లాడతారు. వచ్చే శుక్రవారం వారు ఇంట్లోనే ఉంటారు. మీకు సాయంత్రం ఆరైతే మాకు మూడున్నర. టీ పెట్టి, ఫోను వారి ముందు పెట్టి, నేను వంటగదిలోకి వెళ్ళిపోతాను.

మీరు చెయ్యాలి అన్నయ్యా.

మల్లి